ఒక ప్రోగ్రాంలో కాపీ చేసింది ఇంకోదాంట్లో ఎందుకు చెడుతుంది? పేస్ట్ చిక్కులు, పరిష్కారాలు

కొత్తపేజీ

అందరికీ నమస్కారం. వర్డ్‌లో ఒక పెద్ద నివేదిక కూర్చాలి. సరుకంతా తలా ఒక చోట ఉంది: ఎక్సెల్ పట్టికలు, వెబ్‌పేజీల్లో పాఠం, కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు, పేజ్‌మేకర్ అనే పాత పుటల అమరిక ప్రోగ్రాంలో చేసిన ఫైళ్లు. కాపీ కొట్టి పేస్ట్ చేస్తుంటే ఒక్కోటీ ఒక్కోలా పాడవుతోంది.

వెబ్ నుంచి తెస్తే ఫాంటు, రంగు, వెనకాల బూడిదరంగు పట్టీ కూడా వెంట వస్తున్నాయి. వెబ్ పట్టికను ఎక్సెల్‌లో వేస్తే కోడ్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతున్నాయి. పీడీఎఫ్ తెలుగులో ఒత్తులు చెల్లాచెదురవుతున్నాయి. పేజ్‌మేకర్ నుంచి తెస్తే మొత్తం ఇంగ్లిషు అక్షరాల గందరగోళం. అన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఒకటుందా, దేనికదే వేరా? వాడుతున్నది విండోస్ 11, మైక్రోసాఫ్ట్ 365.

అక్షరదోషం

మందు దేనికదే వేరు. జబ్బు మూలం మాత్రం చాలావాటికి ఒకటే, అది తెలిస్తే మిగతాది సులువు.

కంట్రోల్+సి నొక్కినప్పుడు క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినది తాత్కాలికంగా ఉండే చోటికి, ఒకే సరుకు చాలా రూపాల్లో వెళ్తుంది. ఎక్సెల్‌లో రెండు గడులు కాపీ చేసి చూడండి: ఎక్సెల్ సొంత రూపం, హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీల రూపం), ఆర్‌టీఎఫ్ (ఫార్మాటింగ్ ఉన్న పాఠం), ట్యాబ్‌లతో విడదీసిన మామూలు పాఠం, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పాఠం), బొమ్మ, లింకు సమాచారం, అన్నీ కలిపి ఇరవైకి పైనే ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవాలో తేల్చేది పేస్ట్ అందుకునే ప్రోగ్రాం. నోట్‌ప్యాడ్ మామూలు పాఠం తీసుకుంటుంది. పెయింట్ బొమ్మ తీసుకుంటుంది. వర్డ్ ఫార్మాటింగ్ ఉన్న రూపం కోసం చూస్తుంది, అది దొరక్కపోతేనే మామూలు పాఠానికి దిగుతుంది. మీ బూడిదరంగు పట్టీ హెచ్‌టీఎంఎల్ రూపంలో దాక్కుని వచ్చినదే. ఏయే రూపాలు వెళ్లాయో కళ్లారా చూడాలంటే నిర్‌సాఫ్ట్ వారి ఇన్‌సైడ్‌క్లిప్‌బోర్డ్ అనే చిన్న ఉచిత పరికరం ఉంది, పేర్లూ పరిమాణాలూ వరసగా చూపిస్తుంది.

కాబట్టి పేస్ట్ చేసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇక్కడికి ఏ రూపం రావాలి? ఆ ఎంపిక ప్రోగ్రాంకి వదిలేయకుండా మీరే చెప్పాలి.

వెబ్ నుంచి వర్డ్‌కి అయితే ఇలా:

మామూలుగా పేస్ట్ చేసి, వెంటనే కంట్రోల్ మీట ఒక్కసారి నొక్కి వదిలేసి, టి నొక్కండి. పాఠం మాత్రమే మిగులుతుంది. టి బదులు ఎమ్ నొక్కితే మెర్జ్ ఫార్మాటింగ్: ఫాంటూ సైజూ మీ ఫైలువి వస్తాయి, పేరా మధ్యలో అక్కడక్కడా ఉన్న బోల్డ్, ఇటాలిక్ నిలుస్తాయి. పరిశోధన పాఠంలో ఇటాలిక్‌లు ముఖ్యమైతే ఎమ్ వాడండి, టి వాడితే అవీ లింకులూ పోతాయి.

ప్రతిసారీ ఈ తంతు అక్కర్లేదనుకుంటే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కట్, కాపీ, పేస్ట్ విభాగం చూడండి. అక్కడ నాలుగు వేర్వేరు సెట్టింగులున్నాయి: అదే డాక్యుమెంట్ లోపల, డాక్యుమెంట్ల మధ్య, స్టైల్ నిర్వచనాలు ఢీకొన్నప్పుడు, ఇతర ప్రోగ్రాముల నుంచి. చివరిదాన్ని 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' చేయండి. మొదటిదాన్ని కదపకండి, లేదంటే ఒకే ఫైల్లో పేరాలు అటూ ఇటూ జరిపినప్పుడు కూడా ఫార్మాటింగ్ పోతుంది.

ఇప్పటికే పేస్ట్ అయిపోయిన చెత్తకు: ఎంపిక చేసి కంట్రోల్+స్పేస్ నొక్కితే అక్షరాల ఫార్మాటింగ్ పోతుంది, కంట్రోల్+క్యూ నొక్కితే పేరా ఫార్మాటింగ్ పోతుంది. బూడిదరంగు ఒకదానికి పోకపోతే రెండోదానికి పోతుంది.

పుటవిన్యాసం

అక్షరదోషం గారు చెప్పినదానికి వర్డ్ నుంచి వర్డ్‌కి తెచ్చేటప్పటి రెండు సంగతులు కలుపుతాను.

ఒకటి, పేరా ఫార్మాటింగ్ అంతా పేరా చివరి గుర్తులో ఉంటుంది. కంట్రోల్+షిఫ్ట్+8 నొక్కితే ఆ గుర్తులు కనిపిస్తాయి. చివరి గుర్తును ఎంపికలో కలుపుకుంటే మార్జిన్, వరసల మధ్య ఎడం, స్టైల్ వెంట వస్తాయి. దాన్ని వదిలేసి అక్షరాల వరకే ఎంపిక చేస్తే పేరా వెళ్లిన చోటి పద్ధతిలో ఒదిగిపోతుంది. "ఒకసారి సరిగా వస్తుంది, ఒకసారి రాదు" అని చాలామంది అనేదానికి కారణం ఇదే.

రెండు, రెండు ఫైళ్లలోనూ హెడింగ్ 1 అనే స్టైల్ ఉండి, ఒకదాంట్లో నీలం 16 పాయింట్లు, ఇంకోదాంట్లో నలుపు 14 పాయింట్లు అయితే, మామూలు సెట్టింగులో వెళ్లిన చోటి నిర్వచనమే నెగ్గుతుంది. ఇది మంచిదే. నివేదికలో స్టైళ్లు ముందే ఖరారు చేసి పెట్టుకోండి, తెచ్చిన శీర్షికలు వాటంతటవే మీ రూపంలోకి వస్తాయి.

తెలుగుకి ఇంకో మెలిక ఉంది. పేస్ట్ చేసిన తెలుగుకి హోమ్ ట్యాబ్‌లో ఫాంటు మార్చినా మారకపోతే కంట్రోల్+డి నొక్కి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే గడిలో ఫాంటూ సైజూ విడిగా పెట్టండి. వర్డ్ తెలుగును ఆ గడితో నడిపిస్తుంది. స్టైల్లోనే అది సరిచేస్తే ఇక పేరా పేరాకీ చేయక్కర్లేదు.

నిలువుగడి

ఎక్సెల్ సున్నాల సంగతి నేను చెప్తాను, ఇందులో తొందరపడితే పోయింది తిరిగి రాదు.

ఎక్సెల్ సంఖ్యను గరిష్ఠంగా 15 అంకెల వరకే కచ్చితంగా దాస్తుంది. 16 అంకెల నంబరు పేస్ట్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. 12 అంకెలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జనరల్ ఫార్మాట్‌లో ఇంగ్లిషు 'ఈ' అక్షరంతో కూడిన ఘాత రూపంలో కనిపిస్తుంది. ఘాత రూపం కేవలం చూపు, అంకెలు లోపల భద్రం. 16వ అంకె, ముందున్న సున్నాలు మాత్రం లోపల కూడా లేవు. తర్వాత ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా ఫలితం ఉండదు.

సరైన వరస:

1. ఖాళీ షీటులో సరుకు వచ్చే నిలువు వరసలన్నీ ఎంపిక చేయండి.
2. కంట్రోల్+1 నొక్కి, నంబర్ ట్యాబ్‌లో టెక్స్ట్ ఎంచుకోండి.
3. వెబ్ పట్టిక కాపీ చేసి, మొదటి గడిలో మౌస్ కుడి మీట నొక్కి 'మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్' ఎంచుకోండి.

మూడో అడుగులో ఉత్త కంట్రోల్+వి కొడితే మొదటి రెండూ వృథా. హెచ్‌టీఎంఎల్ రూపం తన ఫార్మాట్‌ను వెంట తెచ్చి, మీరు పెట్టిన టెక్స్ట్ ఫార్మాట్‌ను తుడిచేస్తుంది. టెక్స్ట్ పెట్టినా సున్నాలు పోతున్నాయని అడిగేవాళ్లందరికీ జవాబు ఇదే.

సరుకు ఫైలుగా దొరికితే పేస్ట్ జోలికే పోకండి. డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి, వచ్చే కిటికీలో డేటా టైప్ డిటెక్షన్ దగ్గర 'డు నాట్ డిటెక్ట్' పెట్టండి. అదే కిటికీలో ఎన్‌కోడింగ్ (అక్షరాలను కోడ్‌లుగా దాచే పద్ధతి) 65001, అంటే యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. మైక్రోసాఫ్ట్ 365లో ఫైల్, ఆప్షన్స్, డేటా కింద ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే విభాగం కూడా ఉంది. ముందు సున్నాలు తీసేయడం, పొడవైన సంఖ్యలను ఘాత రూపంలోకి మార్చడం, అక్షరాల్ని తేదీలు చేయడం అక్కడ ఆపేయొచ్చు.

ఈ తేదీల గొడవ ఎంత దూరం పోయిందంటే, మానవ జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లే మార్చింది. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1 తేదీలుగా చదివేస్తుండేది.

కొత్తపేజీ

నిలువుగడి గారూ, ధన్యవాదాలు. మ్యాచ్ డెస్టినేషన్‌తో సున్నాలు నిలిచాయి. తేదీలు అన్నారు కాబట్టి అడుగుతున్నా: ఒక పట్టికలో 03/04/2023 లాంటివి కుడివైపుకీ, 25/04/2023 లాంటివి ఎడమవైపుకీ అతుక్కుని ఉన్నాయి. ఇది ఏ లక్షణం?

నిలువుగడి

అది ప్రమాదకరమైన లక్షణం. మీ విండోస్ ప్రాంతీయ సెట్టింగులో నెల ముందు, రోజు తర్వాత ఉంది. సరుకులో రోజు ముందుంది. 03/04ను ఎక్సెల్ మార్చి 4 అని చదివి తేదీగా మార్చేసింది, అందుకే కుడివైపు. 25వ నెల లేదు కాబట్టి రెండోదాన్ని పాఠంగా వదిలేసింది, అందుకే ఎడమవైపు. ఎడమవైపున్నవి తప్పుగా కనిపిస్తాయి గానీ చెడనివి అవే. కుడివైపున్నవి సవ్యంగా కనిపిస్తూ తప్పుగా ఉన్నాయి.

ఎడమవాటినే సరిచేసి ఊరుకోకండి. మొత్తం తీసేసి, వరసను టెక్స్ట్ చేసి మళ్లీ తెచ్చుకోండి. తర్వాత ఆ వరస ఎంపిక చేసి డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్, డీలిమిటెడ్, నెక్స్ట్, నెక్స్ట్. మూడో మెట్టులో డేట్ పక్కన డీఎమ్‌వై ఎంచుకుని ఫినిష్. అన్నీ ఒకే తీరున మారతాయి.

ఒక ఎక్సెల్ ఫైలు నుంచి ఇంకో ఎక్సెల్ ఫైలుకి తేదీలు తెస్తే సరిగ్గా 4 ఏళ్ల 1 రోజు తేడా వచ్చిందా? అంటే 1,462 రోజులు. ఒక ఫైలు 1900 నుంచి, ఇంకోటి 1904 నుంచి రోజులు లెక్కపెడుతున్నాయని అర్థం. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్లలో ఇది ఎక్కువ. ఒక ఖాళీ గడిలో 1462 రాసి కాపీ చేసి, తేదీల మీద పేస్ట్ స్పెషల్‌లో యాడ్ గానీ సబ్‌ట్రాక్ట్ గానీ పెడితే సరిపోతుంది. వాల్యూస్ కూడా ఎంచుకోండి, లేకపోతే తేదీ ఫార్మాట్ పోయి సంఖ్యలు కనిపిస్తాయి.

మూడోకన్ను

ఎక్సెల్ నుంచి బయటికి కాపీ చేసేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా ఉన్నాయి, ముఖ్యంగా ఆ నివేదిక వేరేవాళ్లకు పంపేది అయితే.

చార్టు కాపీ చేసి వర్డ్‌లో మామూలుగా పేస్ట్ చేస్తే అది అసలు ఎక్సెల్ ఫైలుకి లింకుగా వెళ్తుంది. ఫైలు చోటు మారితే లింకు తెగుతుంది. దానికి విరుగుడుగా 'ఎంబెడ్ వర్క్‌బుక్' ఎంచుకుంటారు చాలామంది. అప్పుడు ఆ ఒక్క చార్టే కాదు, వర్క్‌బుక్ మొత్తం, దాచిన షీట్లతో సహా, వర్డ్ ఫైల్లోకి వెళ్లిపోతుంది. అందుకున్నవాళ్లు చార్టు మీద ఎడిట్ డేటా నొక్కితే అన్నీ తెరుచుకుంటాయి. జీతాల వివరాలో, ఇంకేవో పక్క షీటులో ఉంటే ఆలోచించుకోండి. బయటికి పంపే పత్రంలో చార్టును పిక్చర్‌గా పేస్ట్ చేయడమే క్షేమం.

అలాగే దాచిన అడ్డువరసలు. ఫిల్టర్‌తో మాయమైన వరసలు కాపీలో రావు. చేత్తో హైడ్ చేసినవి, గ్రూప్ చేసి మడిచినవి వస్తాయి. తేడా గుర్తుపెట్టుకోవడం కన్నా కాపీకి ముందు ప్రతిసారీ ఆల్ట్ పట్టుకుని సెమికోలన్ నొక్కండి, కనిపించే గడులే ఎంపికలో ఉంటాయి. తిరగేసి, ఫిల్టర్ పెట్టి ఉన్న పట్టికలోకి పేస్ట్ చేయకండి. సరుకు కనిపించని వరసల్లోకి కూడా పడి అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది.

కొత్తపేజీ

వివరంగా చెప్పారు. ఇక తెలుగు పీడీఎఫ్, పేజ్‌మేకర్. ఒక ప్రశ్న ముందు: వెబ్ నుంచి తెచ్చిన పేర్లను ఎక్సెల్‌లో వెతుకుతుంటే కళ్లముందున్న పేరే "దొరకలేదు" అంటోంది. ట్రిమ్ ఫార్ములా వేసినా అంతే. అన్నీ ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి అక్కడి నుంచి తెస్తే శుభ్రమవుతాయా?

నల్లతెర

అవుతాయి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి మళ్లీ కాపీ కొడితే ఫార్మాటింగ్ రూపాలన్నీ రాలిపోయి మామూలు పాఠం ఒక్కటే మిగులుతుంది.

అక్షరదోషం

ఫార్మాటింగ్ రాలుతుంది, నిజమే. కానీ కొత్తపేజీ గారి సమస్య ఫార్మాటింగ్‌ది కాదు, కనిపించని అక్షరాలది. అవి కూడా అక్షరాలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లోంచి చెక్కుచెదరకుండా దాటిపోతాయి.

వెబ్‌పేజీల్లో పదాలు విడిపోకుండా వాడే ఖాళీ వేరే, దాని కోడ్ 160. మామూలు ఖాళీ 32. ట్రిమ్ 32నే తీస్తుంది. క్లీన్ ఫార్ములా 0 నుంచి 31 వరకే తీస్తుంది. 160 రెండింటి నుంచీ తప్పించుకుంటుంది. ముందు నిర్ధారించుకోండి: లెన్ ఫార్ములాతో అక్షరాల సంఖ్య చూడండి, లెక్క ఒకటి ఎక్కువొస్తే రైట్ ఫార్ములాతో చివరి అక్షరం తీసి యూనికోడ్ ఫార్ములాకి ఇవ్వండి, కోడ్ చెప్తుంది. 160 అయితే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో పాతదానికి క్యార్ 160, కొత్తదానికి మామూలు ఖాళీ ఇచ్చి, ఆ మొత్తాన్ని ట్రిమ్‌లో పెట్టండి. 8203 అయితే అది వెడల్పు లేని ఖాళీ, దానికి యూనిక్యార్ 8203 ఇచ్చి ఏమీ లేని దానితో మార్చండి.

8204 కనిపిస్తే మాత్రం ఆగండి. అది తెలుగులో పనున్న అక్షరం. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట పొల్లుకీ వ కీ మధ్య అది ఉంటేనే వ కిందికి దిగి ఒత్తు కాకుండా ఉంటుంది. తీసేస్తే 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొన్ని ప్రోగ్రాములు, కొన్ని వెబ్ ఫారాలు దాన్ని వాటంతటవే తీసేస్తాయి, అప్పుడు ఒకే పదం రెండు రకాలుగా నిల్వ ఉండి వెతుకులాటలో ఒకటి దొరికి ఒకటి దొరకదు. పోల్చడానికి మాత్రం పక్క వరసలో 8204 తీసేసిన నకలు పెట్టుకుని దానితో పోల్చండి, అసలును ముట్టుకోకండి.

నోట్‌ప్యాడ్ గురించి ఇంకో మాట. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో ఉంటే తెలుగంతా ప్రశ్న గుర్తులవుతుంది. విండోస్ 10 లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 దానంతటదే ఉంటుంది, పాత ఫైలు తెరిచి అందులో కలిపితే మాత్రం పాత ఎన్‌కోడింగే కొనసాగుతుంది.

పుటవిన్యాసం

పేజ్‌మేకర్ సంగతి ఇప్పుడు చెప్తాను. అక్కడ తెలుగు లేదు, తెలుగు బొమ్మలున్నాయి. పేజ్‌మేకర్ యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) కన్నా పాత పద్ధతిలో నడుస్తుంది. అను లాంటి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టాయి. తెర మీద తెలుగు కనిపిస్తున్నా ఫైల్లో ఉన్నవి ఇంగ్లిషు కోడ్‌లే. ఫాంటు లేని చోటికి పేస్ట్ చేస్తే లోపలున్నదే బయటపడుతుంది. అక్కడ ఏదీ చెడలేదు.

అందుకని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. ఒక్కో ఫాంట్ కుటుంబానికి ఆకారాల అమరిక వేరు, కాబట్టి ముందు టైప్ మెనూలో అసలు ఫాంట్ పేరు చూసి రాసుకోండి. తప్పు ఫాంట్ పేరుతో మారిస్తే సగం అక్షరాలు సరిగా వచ్చి నమ్మకం కలిగిస్తాయి, ఒత్తుల దగ్గర మోసం చేస్తాయి. మార్చే ముందు పాఠంలోని ఇంగ్లిషు పదాలు, వెబ్ చిరునామాలు విడదీసి పెట్టుకోండి, కన్వర్టర్ వాటిని కూడా తెలుగు ఆకారాలనుకుని మార్చేస్తుంది. మార్చాక క్ష, జ్ఞ, ర ఒత్తు, ఐత్వం ఉన్న పదాలు ముందు దిద్దండి, తప్పులు ఎక్కువగా అక్కడే.

తిరగేసి యూనికోడ్ తెలుగును పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్న గుర్తులు వస్తాయి. పాత ప్రోగ్రాం పాత రూపం అడుగుతుంది, విండోస్ యూనికోడ్ పాఠాన్ని ఆ పాత కోడ్‌పేజీలోకి మార్చి ఇస్తుంది, అందులో తెలుగుకి చోటు లేదు. ఒకసారి ప్రశ్న గుర్తయ్యాక దానికి ఏ కన్వర్టరూ ఏమీ చేయలేదు.

పేజ్‌మేకర్ తర్వాతి తరం ప్రోగ్రాం ఇన్‌డిజైన్‌లోకి వెళ్తే యూనికోడే వాడండి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. అది లేకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, పాఠం చెడిందనుకుంటారు. వర్డ్ నుంచి పేస్ట్ బదులు కంట్రోల్+డి తో ప్లేస్ చేసి, షో ఇంపోర్ట్ ఆప్షన్స్ టిక్ పెట్టండి. అధస్సూచికలు, స్టైళ్లు, పట్టికలు ఏవి రావాలో ఒక్కోటీ అక్కడ చెప్పొచ్చు.

అక్షరదోషం

పీడీఎఫ్ కూడా దీనికి దగ్గరి చుట్టమే. పీడీఎఫ్ పుటలో ఉండేవి ఆకారాలు, వాటి స్థానాలు. ఈ ఆకారం ఏ అక్షరం అని చెప్పే పట్టిక ఫాంటుతో పాటు విడిగా ఉండాలి. ఇంగ్లిషులో ఒక ఆకారానికి ఒక అక్షరం, ఇబ్బంది లేదు. తెలుగులో 'స్త్రీ' అనే ఒక్క ముద్దలో ఆరు కోడ్‌లున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆకారాలు గీసిన వరస వేరు, కోడ్‌ల వరస వేరు. పీడీఎఫ్ తయారు చేసిన ప్రోగ్రాం ఆ పట్టికను సరిగా రాయకపోతే కాపీలో ఒత్తులు మాయమవుతాయి, లేదా పక్క అక్షరానికి తగులుకుంటాయి.

పరీక్ష: పీడీఎఫ్ తెరిచి, కళ్లముందున్న ఒత్తుల పదం ఒకటి కంట్రోల్+ఎఫ్‌లో టైప్ చేయండి. దొరికితే కాపీ కూడా చాలావరకు బాగానే వస్తుంది. దొరక్కపోతే కాపీ మానుకోండి, దిద్దడానికి పట్టే సమయం మళ్లీ టైప్ చేయడానికన్నా ఎక్కువ.

అప్పుడున్న దారులు, మంచి దాని నుంచి: అసలు వర్డ్ ఫైలు సంపాదించడం. లేదా పుటలను 300 డీపీఐలో బొమ్మలు చేసి ఓసీఆర్ చేయడం, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ ప్రోగ్రాంకి తెలుగు నమూనా ఉంది. గూగుల్ డ్రైవ్‌లో పీడీఎఫ్ మీద కుడి మీట నొక్కి గూగుల్ డాక్స్‌తో తెరిచినా ఓసీఆర్ అవుతుంది. పట్టికలు అక్కడ చెదురుతాయి, పాఠం వరకే నమ్మండి. అంకెలు మాత్రం ఒక్కోటీ చూసి సరిపోల్చుకోవాలి.

కొత్తపేజీ

కంట్రోల్+ఎఫ్ పరీక్షలో రెండు పీడీఎఫ్‌లు నెగ్గాయి, మూడోది తప్పింది, దాన్ని ఓసీఆర్‌కి పంపుతున్నాను. కొంత సరుకు దూరపు సర్వర్‌లో ఉంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో కాపీ చేస్తే ఇటు ఏమీ రావడం లేదు. లినక్స్ యంత్రం కూడా ఒకటుంది.

నల్లతెర

రిమోట్ డెస్క్‌టాప్: కనెక్ట్ అయ్యే ముందు లోకల్ రిసోర్సెస్ ట్యాబ్‌లో క్లిప్‌బోర్డ్ టిక్ ఉండాలి. టిక్ ఉన్నా మధ్యలో ఆగిపోతే సర్వర్ వైపు టాస్క్ మేనేజర్ తెరిచి, ఆర్‌డీపీక్లిప్ అనే ప్రాసెస్‌ను ఎండ్ టాస్క్ చేసి, రన్ పెట్టెలో అదే పేరు కొట్టి మళ్లీ నడపండి. సెషన్ మూసి తెరవక్కర్లేదు. సర్వర్ నిర్వాహకులే క్లిప్‌బోర్డ్ ఆపేసి ఉంటే ఇవేవీ పనిచేయవు, వాళ్లనే అడగాలి.

లినక్స్‌లో తెరను నడిపే ఎక్స్11లో రెండు క్లిప్‌బోర్డులున్నాయి. మౌస్‌తో ఎంపిక చేయగానే ఒకదాంట్లోకి వెళ్తుంది, అది మౌస్ మధ్య మీటతో దిగుతుంది. కంట్రోల్+సి ది ఇంకోటి, కంట్రోల్+వి తో దిగుతుంది. ఇది కాపీ చేస్తే అది పేస్ట్ అవుతోందంటే కారణం అదే. పైగా సరుకు క్లిప్‌బోర్డ్‌లో ఉండదు, కాపీ చేసిన ప్రోగ్రాం దగ్గరే ఉంటుంది. పేస్ట్ చేయకముందే ఆ ప్రోగ్రాం మూసేస్తే సరుకూ పోతుంది. కాపీక్యూ లాంటి క్లిప్‌బోర్డ్ మేనేజర్ నడుస్తుంటే అది పట్టి ఉంచుతుంది.

టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, కంట్రోల్+సి అంటే నడుస్తున్న పనిని ఆపడం. అందుకే అక్కడ కంట్రోల్+షిఫ్ట్+సి, కంట్రోల్+షిఫ్ట్+వి.

వెబ్ నుంచి ఆదేశాలు నేరుగా టెర్మినల్‌లో పేస్ట్ చేయకండి. కాపీ అయ్యేదాన్ని వెబ్‌పేజీ తన స్క్రిప్ట్‌తో మార్చగలదు, కనిపించింది ఒకటి, క్లిప్‌బోర్డ్‌కి వెళ్లింది ఒకటి కావచ్చు. చివర కొత్త వరస గుర్తు ఉంటే ఎంటర్ నొక్కకుండానే నడిచిపోతుంది. లినక్స్‌లో ఆదేశాలు నడిపే షెల్ అయిన బాష్ 5.1 నుంచి, అంటే 2020 చివరి నుంచి, పేస్ట్ చేసినది ఎంటర్ నొక్కేదాకా ఆగే ఏర్పాటు మామూలుగానే ఉంది, పాత సర్వర్లలో లేదు. ముందు ఎడిటర్‌లో వేసి చూడండి. ఆదేశాల్ని వర్డ్‌లో ఎప్పుడూ దాచకండి. రెండు హైఫన్లను అది ఒక పొడవు గీత చేస్తుంది, నిటారు కోట్లను వంపు కోట్లు చేస్తుంది, షెల్‌కి రెండూ అర్థం కావు.

మూడోకన్ను

ఇన్ని చోట్ల నుంచి తెస్తున్నారు కాబట్టి విండోస్+వి వాడుకోండి. 2018 అక్టోబరు అప్‌డేట్‌తో వచ్చింది. చివరి 25 కాపీలు దాస్తుంది, ఒక్కోటి 4 ఎంబీకి మించకూడదు, పాఠం, హెచ్‌టీఎంఎల్, బొమ్మలు మాత్రమే. యంత్రం రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప అన్నీ పోతాయి. ఎక్సెల్ గడుల్ని అక్కడి నుంచి దింపితే ఫార్ములాలు రావు, విలువలే వస్తాయి, ఎందుకంటే ఎక్సెల్ సొంత రూపం ఆ చరిత్రలో దాగదు.

పాస్‌వర్డ్‌లు మాత్రం పాస్‌వర్డ్ మేనేజర్ నుంచే కాపీ చేయండి. మంచి మేనేజర్లు "దీన్ని చరిత్రలో దాచకు" అనే గుర్తు కూడా క్లిప్‌బోర్డ్‌లో పెడతాయి. నోట్‌ప్యాడ్ నుంచి కాపీ చేసిన పాస్‌వర్డ్‌కి ఆ గుర్తు ఉండదు, సింక్ పెట్టి ఉంటే మీ ఇంకో యంత్రానికి కూడా చేరుతుంది.

కొత్తపేజీ

ఆఖరిగా రెండు. వర్డ్ పట్టికలో ఒక గడిలో మూడు నాలుగు పేరాలున్నాయి, ఎక్సెల్‌లోకి తెస్తే ఒక్కో పేరా ఒక్కో వరసగా విడిపోతోంది. ఇంకోటి, పాత వర్డ్ ఫైల్లోని ఫొటోలు కాపీ చేసి బయటికి తెస్తే చిన్నగా, మసకగా వస్తున్నాయి.

నిలువుగడి

పట్టికకు: వర్డ్ ఫైలు నకలు తీసుకుని, పట్టిక ఎంపిక చేసి కంట్రోల్+హెచ్ నొక్కండి. వెతికే గడిలో క్యారెట్ గుర్తు, దాని వెంటే ఇంగ్లిషు చిన్న పి. మార్చే గడిలో పాఠంలో ఎక్కడా లేని గుర్తు, ఉదాహరణకి రెండు హ్యాష్‌లు. రీప్లేస్ ఆల్ నొక్కాక మిగతా డాక్యుమెంటులో కూడా వెతకమంటావా అని అడిగితే వద్దనండి. గడి చివరి గుర్తులు దీనికి తగలవు, పట్టిక నిలబడుతుంది. ఇప్పుడు ఎక్సెల్‌లో పేస్ట్ చేయండి, ఒక గడికి ఒక గడి వస్తుంది. అక్కడ కంట్రోల్+హెచ్ నొక్కి రెండు హ్యాష్‌లు వెతకమని చెప్పి, మార్చే గడిలో కంట్రోల్+జె నొక్కండి. గడి ఖాళీగానే కనిపిస్తుంది, కానీ లోపల వరస మార్పు గుర్తు పడింది. రీప్లేస్ ఆల్ చేశాక ర్యాప్ టెక్స్ట్ పెట్టండి. మళ్లీ కంట్రోల్+హెచ్ తెరిచినప్పుడు ఆ గుర్తు అక్కడే ఉండిపోతుంది, బ్యాక్‌స్పేస్ కొట్టి తీసేయండి, లేకపోతే తర్వాతి మార్పుల్లో అదీ కలుస్తుంది.

పుటవిన్యాసం

ఫొటోలకు క్లిప్‌బోర్డ్ వద్దు, పుటలో కుదించి చూపిన సైజే బయటికి వచ్చే అవకాశం ఉంది. డాక్ఎక్స్ ఫైలంటే జిప్ ఫైలే. దాని నకలు తీసి, పేరు చివర డాక్ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. వర్డ్ అనే ఫోల్డర్‌లో మీడియా అనే ఫోల్డర్ ఉంటుంది, ఫొటోలన్నీ అక్కడ ఫైల్లో దాగిన సైజులోనే ఉంటాయి. ప్రెజెంటేషన్‌కీ ఎక్సెల్‌కీ ఇదే దారి, అక్కడ ఫోల్డర్ పేర్లు పీపీటీ, ఎక్స్ఎల్. పాత డాక్ రకం ఫైలైతే ముందు డాక్ఎక్స్‌గా సేవ్ చేయాలి.

అక్కడ కూడా చిన్నగానే ఉంటే సేవ్ చేసినప్పుడే వర్డ్ కుదించేసిందన్నమాట, ఇక ఆ ఫైల్లో అసలు ఫొటో లేదు. మీ కొత్త నివేదికకి అలా కాకుండా ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ దగ్గర 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' టిక్ పెట్టండి, ఒక్క ఫొటో కూడా పెట్టకముందే. ఫొటోలు కూడా పేస్ట్ చేయకుండా ఇన్సర్ట్, పిక్చర్స్ నుంచి ఫైలుగా తీసుకోండి.